నీలిమందు నుంచి రాకెట్ దాకా: బాణం మీద రాసే యాసిడ్ కథ

పోస్టు పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన నెల మా హాస్టల్లో ఒక తమ్ముడు పెట్టె సర్దుకుంటా కనిపించాడు. బీఎస్సీ ఫస్టియర్. మనోడే, మా చిట్టమూరు పక్క ఊరు. "ఏందిరా, పండగ కూడా లేదే" అన్నాను. "ఆర్గానిక్ మళ్ళీ పోయిందన్నా. నాయన రొయ్యల గుంట కాపలాకి పోతా ఉండాడు, నేనూ పోతా. ఈ బెంజీనూ నైట్రేషనూ మనకెందుకు? మన ఇళ్ళల్లో ఎవురికన్నా పనికొచ్చిందా ఇది?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. అదే పేపర్ నాకూ ఒకసారి పోయింది. మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కింది నేనే మొదలు, కాబట్టి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. వాడికి చెప్పాలని లైబ్రరీలో కూర్చొని చదివాను. చదివేకొద్దీ ఒకటి తెలిసింది. పుస్తకంలో ఒక్క లైనుగా ఉండే ఈ రియాక్షన్‌కి మన తీరంతో పాత లెక్కలు ఉన్నాయి. ఆ లెక్కల్లో మన యానాదులు కూడా ఉన్నారు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు రియాక్షన్ ఏందో చూద్దాం. సైన్సు చదవనివాళ్ళు కూడా ఆగండి, కష్టమేం కాదు.

బెంజీన్ అంటే ఆరు కార్బన్లు చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడిన అణువు. ఒక్కో కార్బన్‌కి ఒక హైడ్రోజన్ ఉంటుంది. ఇలాంటి వలయం ఉన్న పదార్థాలనే ఆరోమాటిక్ అంటారు. ఒక హైడ్రోజన్‌ని లేపి, దాని చోట ఒక నత్రజని, రెండు ఆక్సిజన్లు కలిసిన నైట్రో గుంపును కూర్చోబెట్టడమే నైట్రేషన్. పుస్తకంలో ఎడమ పక్క బెంజీన్, నైట్రిక్ యాసిడ్ ఉంటాయి. కుడి పక్క నైట్రోబెంజీన్, నీళ్ళు ఉంటాయి. మధ్యలో బాణం. ఆ బాణం మీద చిన్న అక్షరాలతో "గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్" అని రాసి ఉంటుంది.

లెక్క చూడండి. 78 గ్రాముల బెంజీన్, 63 గ్రాముల నైట్రిక్ యాసిడ్ పూర్తిగా కలిస్తే 123 గ్రాముల నైట్రోబెంజీన్, 18 గ్రాముల నీళ్ళు వస్తాయి. రెండు పక్కలా 141. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఈ లెక్కలో ఎక్కడా లేదు. కానీ అది లేకపోతే పని నత్తనడక నడుస్తుంది. దాన్ని ఉత్ప్రేరకం అంటారు. ఈ పోస్టు ముఖ్యంగా ఆ బాణం మీది యాసిడ్ కథ.

మొదలు ఎక్కడంటే నీలిమందు దగ్గర. 1771లో లండన్‌లో పీటర్ ఊల్ఫ్ అనే ఆయన నీలిమందు మీద నైట్రిక్ యాసిడ్ పోశాడు. నీలం పోయి పసుప్పచ్చ పదార్థం వచ్చింది. దాంతో పట్టుకి పసుపు రంగు అద్దొచ్చని చూపించాడు. దాన్నే తర్వాత పిక్రిక్ యాసిడ్ అన్నారు. అందులో ఉన్నది మూడు నైట్రో గుంపులు తగిలించుకున్న ఒక వలయం. మనిషి చేసిన తొలినాటి నైట్రేషన్లలో దీన్ని ఒకటిగా లెక్కేస్తారు. అద్దకం కోసం పుట్టిన ఆ పసుపు, వందేళ్ళు దాటాక ఫిరంగి గుండ్లలో పేలుడు మందు అయింది.

నీలిమందు మన నెల్లూరు, కడప వైపు కూడా పండేది. మద్రాసు నుంచి ఓడల్లో పోయేది. చెట్టు కోసి తొట్లలో నానబెట్టేవాళ్ళు. రాత్రంతా పులిశాక ఆ నీళ్ళను ఇంకో తొట్టిలోకి దించి, కూలోళ్ళు గంటల తరబడి కర్రలతో చిలికేవాళ్ళు. గాలి తగిలితేనే నీలం అడుక్కి దిగుతుంది. దాన్ని కాచి, వడగట్టి, పిండి, బిళ్ళలు కోసేవాళ్ళు.

నైట్రిక్ యాసిడ్‌కి కావలసిన సురేకారం కూడా మన దేశంనించే బాగా పోయేది. దీన్నే పెట్లుప్పు అంటారు. ఎక్కువ భాగం బీహార్‌ది, కొంత మన కోరమండల్ తీరానిది. సురేకారంలో సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి కాస్తే నైట్రిక్ యాసిడ్ ఆవిరిగా లేస్తుంది. అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ ఈ కథలోకి అప్పుడే వచ్చేసింది, నైట్రిక్ యాసిడ్‌ని పుట్టించేదిగా.

ఆ తర్వాత కథ బొగ్గు తారు వైపు తిరిగింది. 1825లో ఫారడే బెంజీన్‌ని వేరు చేశాడు. 1834లో జర్మనీలో మిచర్లిష్ దాన్ని పొగలు కక్కే నైట్రిక్ యాసిడ్‌తో కలిపి నైట్రోబెంజీన్ చేశాడు. 1840లలో రెండు యాసిడ్లూ కలిపి వాడితే పని తేలికని తెలిసింది. బొగ్గు తారు నుంచి బెంజీన్ ఎక్కువగా తీసే దారి చూపించిన చార్లెస్ మాన్స్‌ఫీల్డ్, 1855లో ఆ బెంజీనే అంటుకొని కాలి చనిపోయాడు.

నైట్రోబెంజీన్‌కి ఎందుకంత గిరాకీ? దాన్లో ఆక్సిజన్లు తీసేసి హైడ్రోజన్లు పెడితే అనిలిన్ వస్తుంది. 1854లో బెషాంప్ ఇనప రజనుతో ఆ పని తేలిక చేశాడు. 1856లో పద్దెనిమిదేళ్ళ పెర్కిన్ అనిలిన్ నుంచి ఊదా రంగు చేశాడు. మనకంటే చిన్నోడు. ఆడినించి యూరప్‌లో రంగుల ఫ్యాక్టరీలు వరసగా లేచాయి.

ఇప్పుడు మన తీరానికి రండి.

మన ఇసక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క ఉంటుంది. దాని వేరు తవ్వి ఎండబెడితే ఎర్ర రంగు వస్తుంది. కోరమండల్ అద్దకాలు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఈ ఎరుపుతోనే, నీలిమందు నీలంతోనే. ఆ వేరు తవ్వినవాళ్ళలో మన యానాదులు ఉన్నారు. శ్రీహరికోట దీవిని 1835లో కంపెనీ ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. మద్రాసుకు వంటచెరకు కావాలి. దీవిలోని యానాదులు కట్టెలు కొట్టేవాళ్ళు. చిరివేరు, ముష్టి గింజలు, కుంకుడు కాయలు, తేనె ఏరి ఇచ్చేవాళ్ళు. ఏ ఇసక దిబ్బ మీద ఏ నెలలో వేరు ముదురుతుందో వాళ్ళకి తెలుసు. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ వాళ్ళ పేరు మీద లేదు.

చిరివేరు ఎరుపులో ఉండే అసలు పదార్థం ఆలిజరిన్. 1868లో గ్రేబే, లీబర్‌మాన్ అనే ఇద్దరు జర్మన్లు బొగ్గు తారులో దొరికే ఆంత్రసీన్ నుంచి దాన్ని తయారు చేశారు. మరుసటి ఏడు దాన్ని చవగ్గా చేసే దారి దొరికింది. ఆ దారిలో కీలకం సల్ఫ్యూరిక్ యాసిడ్. వలయం మీద నైట్రో గుంపుకి బదులు సల్ఫర్ గుంపును కూర్చోబెట్టడం. నైట్రేషన్‌కి ఇది తోడబుట్టిందే. పరీక్షలో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. ఫ్యాక్టరీ ఆలిజరిన్ చవగ్గా వచ్చాక చిరివేరుకి పాత బేరం లేకుండా పోయింది.

తర్వాత నీలం వంతు. 1880లో బేయర్ ప్రయోగశాలలో నీలిమందు చేశాడు. మొదలుపెట్టింది దేనితో? నైట్రో గుంపు ఉన్న సిన్నమిక్ యాసిడ్‌తో. 1897లో ఒక జర్మన్ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారుకి తెచ్చింది. వాళ్ళ పద్ధతి నాఫ్తలీన్ నుంచి మొదలవుతుంది. దాన్ని ఆక్సీకరణం చేసేది కూడా సల్ఫ్యూరిక్ యాసిడ్డే. 1901లో ఫ్లేగర్ అనే ఆయన అనిలిన్ నుంచి నీలిమందు చేసే దారి బాగుచేశాడు. అనిలిన్ ఎక్కడిది? నైట్రోబెంజీన్‌ది. నీలిమందు మీద యాసిడ్ పోసి మొదలైన రియాక్షన్, 130 ఏళ్ళకి నీలిమందునే తయారు చేసి, పొలంలో పండేదాన్ని బజారులోనించి తోసేసింది.

బీహార్ చంపారన్ కథ స్కూల్లో చదివాం కదా. అక్కడ తోటల దొరలు రైతుల మీద కొత్త భారాలు వేయడానికి ఒక కారణం ఈ కృత్రిమ నీలిమందే. దొరలకి వచ్చిన నష్టం రైతుల నెత్తికెక్కింది. 1917లో గాంధీ అక్కడికి పోయాడు. మన వైపు అంత పెద్ద పోరాటం నడవలేదు. సాగు తగ్గిపోయింది, తొట్లు ఎండిపోయాయి, అంతే.

ఇంతా చేస్తే, ఆ యాసిడ్ లోపల ఏం చేస్తుందో అప్పటికి ఎవరికీ గట్టిగా తెలియదు. ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, రంగులు వస్తున్నాయి, బాంబులు పేలుతున్నాయి. "నీళ్ళను పీల్చుకుంటుంది కాబట్టి పనిచేస్తుంది" అని సరిపెట్టుకున్నారు. అది సగం నిజమే.

అసలు సంగతి ఇదీ. బెంజీన్ వలయం చుట్టూ ఎలక్ట్రాన్ల మబ్బు ఉంటుంది. దాని దగ్గరికి ఎలక్ట్రాన్ల కోసం బాగా ఆకలితో ఉన్నది వస్తేనే అది కదులుతుంది. నైట్రిక్ యాసిడ్ అణువుకి మామూలుగా అంత ఆకలి లేదు. పక్కన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటే కథ మారుతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ బలమైంది, అది తన ప్రోటాన్‌ని నైట్రిక్ యాసిడ్ మీదికి నెడుతుంది. ఇక్కడ నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. యాసిడ్ అంటే ప్రోటాన్ ఇచ్చేది అని ఇంటర్ నుంచి బట్టీపట్టాం కదా. ఇక్కడ నైట్రిక్ యాసిడ్ ప్రోటాన్ తీసుకుంటుంది. అంటే క్షారంలాగా నడుచుకుంటుంది. తనకంటే బలమైనది పక్కన నిలబడితే యాసిడ్ కూడా క్షారమైపోతుంది. నా పేపర్ పోయినప్పుడు నేను తప్పు రాసింది సరిగ్గా ఇదే.

ప్రోటాన్ తీసుకున్న నైట్రిక్ యాసిడ్ నీటి అణువును వదిలేస్తుంది. మిగిలింది నైట్రోనియం అయాన్. ఒక నత్రజని, రెండు ఆక్సిజన్లు, మీద ఒక ప్లస్. ఆకలి అంటే దీనిది. ఇది వలయం మీద కూర్చుంటుంది. కాసేపు వలయం తన సుఖాన్ని పోగొట్టుకుంటుంది. తర్వాత ఒక ప్రోటాన్‌ని బయటికి పంపి మళ్ళీ కుదురుకుంటుంది. బయటికొచ్చిన ఆ ప్రోటాన్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్ తాలూకు అయాన్ పట్టుకుంటుంది. మళ్ళీ సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారు. ఇచ్చిన ప్రోటాన్ తిరిగి చేతికి వచ్చింది, లెక్క సరి. అందుకే దాని పేరు బాణం మీద ఉంటుంది.

నైట్రోనియం సంగతి 1903లోనే ఆయిలర్ ఊహించాడు. తర్వాత హాంచ్ దాని వెంట పడ్డాడు. గట్టిగా రుజువు చేసింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగోల్డ్, హ్యూజెస్ బృందం, 1946 నుంచి 1950 దాకా. రుజువుల్లో ఒకటి ఎంత తేలికగా ఉంటుందో చూడండి. సల్ఫ్యూరిక్ యాసిడ్ సుమారు పదిన్నర డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అందులో ఏదన్నా కరిగిస్తే ఆ డిగ్రీ కిందికి దిగుతుంది. ఎన్ని కణాలు కలిస్తే అంత దిగుతుంది. నైట్రిక్ యాసిడ్ ఒక అణువు వేస్తే నాలుగు కణాలు వేసినంత దిగింది. ఒక నైట్రోనియం, ఒక హైడ్రోనియం, రెండు బైసల్ఫేట్లు. లెక్క కుదిరింది.

రెండో రుజువు మనకి ఇంకా దగ్గరిది. యాసిడ్ల మిశ్రమం మీద వెలుగు వేసి, చెదిరిన వెలుగును చూస్తే 1400 దగ్గర ఒక గీత కనబడుతుంది. 1930లలో చెడాన్ అనే ఫ్రెంచి ఆయన దాన్ని పట్టించుకొని చదివాడు. ఆ గీత నైట్రోనియందే అని ఇంగోల్డ్ వాళ్ళు తేల్చారు. ఆ వెలుగు పద్ధతి పేరు రామన్ ఎఫెక్ట్. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టింది. ఆ రామన్ చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలో, ఏవీఎన్ కాలేజీలో కూడా.

ఇంకో తేదీ పక్కన పెట్టి చూడండి. ఇంగోల్డ్ బృందం పేపర్లు వరసగా వచ్చింది 1950లో. నేరస్థ జాతుల చట్టం రద్దయింది 1952లో. ఆ చట్టం కింద మన యానాదుల్లో ఎంతోమంది పుట్టుకతోనే దొంగలని పోలీసు పుస్తకంలో ఉన్నారు. మా తాత తరం ఏ క్లాసురూములో లేకపోవడానికి తెలివి తక్కువై కాదు. ఇది వాడికి ముఖ్యంగా చెప్పాను.

ఇప్పుడు బాణం మీది యాసిడ్ గురించి పుస్తకం గట్టిగా చెప్పని మాట ఒకటి. ఉత్ప్రేరకం ఖర్చు కాదు అంటాం. కాగితం మీద నిజమే. ఫ్యాక్టరీలో అట్టా కాదు. ప్రతి నైట్రో గుంపుకీ ఒక నీటి అణువు పుడుతుంది. ఆ నీళ్ళు సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో చేరి దాన్ని పల్చన చేస్తాయి. పల్చబడితే నైట్రోనియం పుట్టదు, పని ఆగిపోతుంది. అప్పుడు ఆ వాడిన యాసిడ్‌ని బాగా కాచి మళ్ళీ చిక్కబరచాలి. దానికి ఇంధనం, డబ్బు కావాలి. ఆ ఖర్చుకి వెనకాడితే అది వాగులోకో నేలలోకో పోతుంది. పైగా ఈ రియాక్షన్ బాగా వేడి పుట్టిస్తుంది. చల్లార్చడం తప్పితే రెండో నైట్రో గుంపు ఎక్కుతుంది, లేదా మొత్తం చేయిదాటి పేలుతుంది. మనోళ్ళు కెమికల్ కంపెనీల్లో కాంట్రాక్టు పనికి పోతున్నారు కదా. వాళ్ళకి ఈ రెండు ముక్కలు తెలిసుండాలి: వేడి, వాడిన యాసిడ్.

దీనికి మందు వెతికినవాళ్ళలో మన తెలుగు శాస్త్రవేత్తలు ఉన్నారు. హైదరాబాద్ ఐఐసీటీలో బి.ఎం. చౌదరి, లక్ష్మీకాంతం గార్ల బృందం 2000లో ఒక పద్ధతి ప్రచురించింది. సల్ఫ్యూరిక్ యాసిడ్ లేకుండా, జియోలైటు, బంకమట్టి లాంటి గట్టి పదార్థాలనే యాసిడ్‌గా వాడడం. నైట్రిక్ యాసిడ్ కావలసినంతే వేసి, పుట్టిన నీళ్ళను ఎప్పటికప్పుడు ఆవిరిగా లాగేయడం. పని అయ్యాక మట్టిని వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు. లక్ష్మీకాంతం గారు తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. ఒక ఆడమనిషి. ఇది మా చెల్లెళ్ళ కోసం రాస్తున్నా.

చివరిగా శ్రీహరికోట. మా ఊరినించి రాకెట్ లేచేది కనిపిస్తుంది. చిన్నప్పుడు మా అవ్వ బయటికి లాక్కొచ్చి చూపించేది. వాళ్ళమ్మ పుట్టిల్లు ఆ దీవిలోనే.

1969లో రాకెట్ కేంద్రం కోసం దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ అక్కడినించి లేచింది. దీవిలో తరతరాలుగా ఉన్న యానాదుల్లో చాలా కుటుంబాలు నీటి ఈవలికి వచ్చేశాయి. వేరు తవ్విన దిబ్బలు, తేనె తీసిన చెట్లు కంచె లోపల ఉండిపోయాయి. ఆ కేంద్రం దేశానికి ఎంత పేరు తెచ్చిందో నాకు తెలుసు, నాకూ గర్వమే. ఈ రెండూ నిజమే.

మరి నైట్రేషన్‌కి దీంతో ఏం సంబంధం? పీఎస్ఎల్వీ మొదటి దశలో సుమారు 138 టన్నుల గట్టి ఇంధనం ఉంటుంది. అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే రబ్బరు లాంటి పదార్థం. ముందు అది చిక్కటి పిండిలా పోతపోయడానికి వీలుగా ఉంటుంది. గట్టిపడాలంటే అణువుల మధ్య ముడులు వేసేది ఒకటి కావాలి. దాని పేరు టోలీన్ డైఐసోసయనేట్. టన్నుల ఇంధనంలో అది కొద్ది పాళ్ళే. అది లేకపోతే పోత గట్టిపడదు.

అది ఎట్టా తయారవుతుందో చూడండి. టోలీన్‌ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్ల మిశ్రమంలో రెండుసార్లు నైట్రేషన్ చేస్తారు. టోలీన్ మీదున్న మిథైల్ గుంపు కొత్తగా వచ్చే నైట్రోని ఆర్థో, పారా చోట్లకి పంపిస్తుంది. అందుకే చివరికి రెండు రకాలు 80కి 20 లెక్కన వస్తాయి. ఆ నైట్రో గుంపుల్ని అమైన్లుగా మార్చి, తర్వాత ఐసోసయనేట్లుగా మారుస్తారు. బజారులో దొరికే సరుకు కూడా అదే 80-20. ఫస్టియర్‌లో బట్టీపట్టే ఆర్థో-పారా సూత్రం మన ఆకాశంలో లేచే రాకెట్ కడుపులో ఉంది.

ఇదంతా చెప్పి వాడితో అన్నాను. ఒరే, మన పెద్దోళ్ళ చేతిలోని వేరుకి విలువ లేకుండా చేసింది ఈ చదువే. మన దీవి మీద లేచే రాకెట్‌కి ముడి వేసేది ఈ చదువే. నీ వాగులోకి వచ్చే నీళ్ళల్లో ఏముందో చెప్పేది కూడా ఈ చదువే. ఇన్నాళ్ళూ ఇది మన మీదుగా పోయింది, మన చేతిలోకి రాలేదు. నువ్వు గుంట కాపలాకి పోతే తప్పేం లేదు, అది నాయన కష్టం. కానీ ఈ పేపర్ రాసి పో.

వాడు వెంటనే ఏమీ అనలేదు. పెట్టె ఇంకా మంచం కిందే కట్టి ఉంది. కానీ మొన్న సప్లిమెంటరీ ఫీజు కట్టాడు. ఆదివారం సాయంత్రాలు ఇద్దరం కూర్చుంటున్నాం. ముందు నైట్రోనియం దగ్గర మొదలుపెట్టాం.

ఆర్గానిక్ పోయినవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, కలిసి చదువుదాం. అట్టాగే మీ ఊళ్ళో పాత నీలిమందు తొట్లు ఉన్నా, మీ అవ్వాతాతల్లో చిరివేరు తవ్వినవాళ్ళ మాటలు గుర్తున్నవాళ్ళు ఉన్నా, అడిగి రాసి పెట్టండి. వాళ్ళు ఉండగానే అడగాలి. కెమిస్ట్రీలో నేను తప్పు రాసుంటే పెద్దోళ్ళు దిద్దండి.